దూరపు ఫైలు, మూడు అనుమానాలు



4 గిగాబైట్ల ఫైలు ఒకటి దించుకోవాలనుకుందాం. మన లైను సెకనుకు 2 మెగాబిట్లు లాగుతుంది. బైటుకు 8 బిట్లు కాబట్టి, లెక్క కడితే సుమారు నాలుగున్నర గంటల పని. నాలుగు గంటలు గడిచాక కరెంటు పోయింది. ఇప్పుడేం చేయాలి? బ్రౌజరును నమ్ముకుంటే ఒక్కోసారి ఆగినచోటి నుంచి అందుకుంటుంది, ఒక్కోసారి చేతులెత్తేసి మళ్లీ మొదటికి తెస్తుంది. ఏ రోజు ఏది చేస్తుందో ముందుగా చెప్పడం కష్టం. ఫైబర్ లైన్లొచ్చిన ఈ కాలంలో ఇంత నిదానమా అంటారేమో! ఊరి చివర ఒక్క సెల్ టవర్ మీద ఆధారపడినవాళ్లను అడగండి. అయినా వేగం పెరిగినకొద్దీ ఫైళ్లు కూడా పెరుగుతూనే ఉన్నాయి.

దూరాన ఉన్న కంప్యూటరు నుంచి ఫైళ్లు తెచ్చుకోవడానికే పుట్టిన పనిముట్లు కొన్ని ఉన్నాయి. డబ్ల్యూగెట్, కర్ల్, ఎస్‌సీపీ, ఆర్‌సింక్. వీటిని కమాండ్ లైన్ పనిముట్లు అంటారు. నల్లటి తెర మీద ఒక వాక్యం టైపు చేసి ఎంటర్ కొడితే పని మొదలవుతుంది. నొక్కడానికి బటన్లుండవు, చూడటానికి బొమ్మలుండవు. అందుకే చాలామంది ఇది తమకు సంబంధించిన విద్య కాదనుకుని పక్కకు తప్పుకుంటారు.

వీటిని రాసినవాళ్లకు ఒక మంచి గుణం ఉంది. వాళ్లు ముందే అనుమానపడ్డారు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. సంసారాలకు ఆ మాట సరిపోతుంది. దూరపు ఫైలు తెచ్చుకునే పనిలో మాత్రం అనుమానించనివాడే నష్టపోతాడు. ఆ అనుమానాలు మూడు. ఒకటి, దారిలో లైను తెగుతుందేమో. రెండు, వాళ్లు పంపింది, నాకు చేరింది ఒకటి కాదేమో. మూడు, పంపుతున్నది నేననుకున్నవాళ్లు కాదేమో. ఈ మూడింటి సంగతే ఇవాళ్టి ప్రసంగం.

ముందు కొంచెం చరిత్ర. 1971 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీ నుంచి ఒక చిన్న పత్రం వెలువడింది. దాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 114. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఫైలు ఎలా పంపాలో, ఎలా తెచ్చుకోవాలో అందులో రాసి ఉంది. రాసినాయన అభయ్ భూషణ్, కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్ విద్యార్థి. ఇంటర్నెట్‌కు ఆధారమైన టీసీపీ ఐపీ నియమాలు అప్పటికింకా పుట్టలేదు. ఆర్పానెట్ అనే నెట్‌వర్కులో ఉన్న కేంద్రాలు పట్టుమని పాతిక కూడా లేవు. ఆ పత్రం నుంచి ఎదిగిందే ఎఫ్‌టీపీ.

ఆనాటి చిక్కు లైను వేగం ఒక్కటే కాదు. ఏ రెండు యంత్రాలూ ఒకేలా ఉండేవి కావు. యంత్రం ఒక్కసారిగా పట్టుకునే బిట్ల గుంపును ‘మాట’ అంటారు. ఒకదానికి అది 36 బిట్లు, ఇంకోదానికి 32. ఒకటి అక్షరాలను ఆస్కీ పద్ధతిలో రాసుకుంటే, ఐబీఎం యంత్రం ఎబ్సిడిక్ పద్ధతిలో రాసుకునేది. అందుకని ఫైలు తెచ్చుకునే ముందే ‘ఇది అక్షరాల ఫైలా, ఉన్నదున్నట్టు తీసుకోవాల్సిన బిట్ల మూటా’ అని చెప్పాల్సి వచ్చేది. ఆ అలవాటు తర్వాత కూడా చాలాకాలం మిగిలింది. ఎఫ్‌టీపీలో బైనరీ అనే మాట టైపు చేయడం మరిచి ఫొటో దించుకున్నవాళ్లకు పనికిరాని చెత్త చేతికొచ్చేది. మనందరికీ తెలిసిన 404 లాంటి మూడంకెల జవాబులు కూడా ఎఫ్‌టీపీ కాలం నుంచి వస్తున్న సంప్రదాయమే.

ఎఫ్‌టీపీకి ఒక పెద్ద లోపం ఉంది. అది అందర్నీ నమ్మింది. వాడేవాడి పేరు, పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా లైను మీద వెళ్లేవి. మధ్యలో చెవి పెట్టినవాడికి అన్నీ వినపడేవి. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల నెట్‌వర్కులో అది చెల్లింది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో నెట్‌వర్కు మీద మాటు వేసి పాస్‌వర్డులు దోచారు. అక్కడి పరిశోధకుడు తాతు ఉలోనెన్ ఆ దెబ్బకు సమాధానంగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. యంత్రంలో ఒక్కో సేవకు ఒక్కో నంబరు తలుపు ఉంటుంది, దాన్ని పోర్టు అంటారు. ఎఫ్‌టీపీది 21వ నంబరు పోర్టు, దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే టెల్‌నెట్‌ది 23. రెంటికీ మధ్య ఖాళీగా ఉన్న 22ను ఎస్‌ఎస్‌హెచ్‌కు అడిగి తీసుకున్నాడు. ఆ రెండు పనులనూ కప్పిపెట్టి, భద్రంగా చేసే కొత్త పద్ధతి అది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మూలభాగమైన కెర్నెల్‌ను చూసుకునేవాళ్లు, లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ వాళ్లు 2017లో తమ బహిరంగ ఎఫ్‌టీపీ సేవలు మూసేశారు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఎఫ్‌టీపీని తీసి పక్కన పెట్టాయి. యాభై ఏళ్లు సేవ చేసిన పద్ధతికి అది గౌరవమైన పదవీ విరమణే.

ఇక మొదటి అనుమానం. లైను తెగుతుందేమో.

క్రొయేషియా కుర్రవాడు హ్ర్వోయె నిక్షిచ్ 1996లో డబ్ల్యూగెట్ ప్రోగ్రాము విడుదల చేశాడు. అది మోడెములు కీచుమనే కాలం. లైను తెగడం రోజువారీ సంగతి. అందుకే నిదానంగా ఉండే, నిలకడ లేని నెట్‌వర్కు మీద కూడా పని సాగాలన్నది దాని నిర్మాణంలోనే ఉంది. కాగితం దగ్గరుంటే ఈ కమాండ్ రాసుకోండి. డబ్ల్యూ, జి, ఇ, టి అని చిన్న అక్షరాల్లో టైపు చేయండి. ఒక ఖాళీ వదలండి. అడ్డగీత పెట్టి దాన్ని ఆనుకుని సి అనే అక్షరం. మళ్లీ ఖాళీ. ఆ తర్వాత ఫైలు చిరునామా. అంతే, ఎంటర్. సి అంటే కొనసాగించు అని.

లోపల జరిగేది ఇది. మన దగ్గర ఆ ఫైలు ముక్క ఏదైనా ఉందా అని డబ్ల్యూగెట్ చూస్తుంది. 360 కోట్ల బైట్లు ఉన్నాయనుకోండి, ‘అక్కడి నుంచి ఇవ్వండి’ అని సర్వరును అడుగుతుంది. సర్వరుకు ఆ పద్ధతి తెలిస్తే 206 అనే నంబరుతో జవాబిస్తుంది. ‘పూర్తి ఫైలు కాదు, అడిగిన భాగం పంపుతున్నాను’ అని దాని అర్థం. కరెంటు పోయి వచ్చాక మనం చేయాల్సింది అదే కమాండ్ మళ్లీ కొట్టడం. చివరి అరగంట పనే మిగులుతుంది.

లైను మాత్రమే తెగితే మనం కూర్చుని కాపలా కాయనక్కర్లేదు. డబ్ల్యూగెట్ తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలుగా 20 సార్లు. విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉండమనాలంటే అడ్డగీత, టి, ఖాళీ, సున్నా అని చేర్చాలి. అయితే దానికి విచక్షణ కూడా ఉంది. అసలు ఆ ఫైలే లేదని సర్వరు చెబితే ఊరికే తలుపు బాదదు. ఇంట్లో పిల్లలు ఆన్‌లైన్ పాఠం వింటుంటే, ‘సెకనుకు 200 కిలోబైట్లు మించొద్దు’ అని పరిమితి కూడా పెట్టొచ్చు. దానికి లిమిట్ రేట్ అనే మాట ఉంది.

తెగేది మన వీధిలోని తీగే కానక్కర్లేదు. 2008 జనవరి చివర్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రగర్భ కేబుళ్లు రెండు దెబ్బతింటే భారతదేశమంతటా ఇంటర్నెట్ నీరసించిపోయింది. అంత దూరాన సముద్రం అడుగున ఏదో జరిగితే ఇక్కడ డౌన్‌లోడ్ ఆగింది. తెగుతుందనే అనుకుని రాసిన పనిముట్టుకే ఇలాంటప్పుడు విలువ.

విండోస్ వాడేవారు ‘మా దగ్గర డబ్ల్యూగెట్ లేదే’ అనొచ్చు. కర్ల్ ఉంటుంది. 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తోంది. మాక్ కంప్యూటర్లలో అంతకు ముందు నుంచే ఉంది. కర్ల్ పుట్టుక ముచ్చటైనది. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ తన చాట్ రూములో విదేశీ మారకపు రేట్లు చెప్పే బాట్ నడపాలనుకున్నాడు. రేట్లు వెబ్ నుంచి తెచ్చుకోవాలి. బ్రెజిల్‌లో ఒకరు రాసిన చిన్న ప్రోగ్రాము దొరికింది. దాన్ని పట్టుకుని పెంచుతూ పోయాడు. 1998 మార్చిలో దానికి కర్ల్ అని పేరు పెట్టాడు. ఇవాళ ఫోన్లలో, టీవీల్లో, కార్లలో కనపడకుండా పనిచేస్తోంది.

కర్ల్‌తో జాగ్రత్త ఒకటి. ఏమీ చెప్పకపోతే తెచ్చింది తెచ్చినట్టు తెర మీద పోస్తుంది. ఫైలుగా దాచాలంటే అడ్డగీత, పెద్ద ఓ అక్షరం పెట్టాలి. ఆగినచోటి నుంచి కావాలంటే అడ్డగీత, పెద్ద సి, ఖాళీ, ఇంకో అడ్డగీత. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే అదే పేరుతో ఉన్న వేరే పనివాడు పలుకుతాడు. అక్కడ కర్ల్ చుక్క ఇ ఎక్స్ ఇ అని పూర్తి పేరు పెట్టి పిలవాలి.

ఇప్పుడు రెండో అనుమానం. పంపింది, చేరింది ఒకటేనా?

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఒకే ఫైలుగా కుదించి వికీమీడియా సంస్థ ఎప్పటికప్పుడు బయట పెడుతుంది. డంప్ అంటారు దాన్ని. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. తెలుగు అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాము రాసేవారికి, యంత్రానికి తెలుగు నేర్పేవారికి, నెట్ లేని బడిలో వికీపీడియా చూపించాలనుకునేవారికి అది పెన్నిధి. ఆ ఫైళ్లలో ‘లేటెస్ట్’ అని పేరున్నది ఎప్పుడూ తాజా ప్రతిని చూపిస్తుంది.

ఇక్కడే ఒక మెలిక. ఇవాళ సగం దించారు, లైను పోయింది. వారం పది రోజుల తర్వాత గుర్తొచ్చి అదే కమాండ్ కొట్టారు. ఈలోగా లేటెస్ట్ అనే పేరు వెనక కొత్త ఫైలు వచ్చి కూర్చుంది. డబ్ల్యూగెట్ మాత్రం మన దగ్గరున్న ముక్క పొడవు చూసి, అక్కడి నుంచి మిగతాది తెచ్చి అతికిస్తుంది. మన ముక్క లోపల ఏముందో అది చూడదు. తల పాత డంపుది, మొండెం కొత్త డంపుది. సైజు సరిగ్గానే కనిపిస్తుంది. విప్పబోతే తెలుస్తుంది అసలు సంగతి. అందుకే తేదీ ఉన్న పేరుతో ఫైలు తెచ్చుకోవడం మేలు.

ఇలాంటి అతుకులు పట్టుకోవడానికే డంపులతో పాటు ఇంకో చిన్న ఫైలు పెడతారు. అందులో ఒక్కో ఫైలుకు ఒక్కో పొడవాటి గుర్తు ఉంటుంది. దాన్ని చెక్‌సమ్ అని, హ్యాష్ అని అంటారు. ఫైలులోని ప్రతి బిట్టునూ కలిపి చేసిన లెక్క అది. షా 256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలొస్తాయి. ఫైలు పుస్తకమంత ఉన్నా, గ్రంథాలయమంత ఉన్నా 64 అక్షరాలే. లోపల ఒక్క కామా మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. లైనక్స్‌లో షా256సమ్ అని కొట్టి ఫైలు పేరిస్తే చాలు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఈ పని చేస్తుంది. మనకొచ్చిన గుర్తు, వాళ్లు రాసిన గుర్తు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

పాత పద్ధతులు ఎండీ5, షా1 ఇంకా చాలాచోట్ల కనిపిస్తాయి. దారిలో పొరపాటున చెడిన ఫైలును పట్టడానికి అవి చాలు. కావాలని మోసం చేసేవాణ్ణి పట్టడానికి చాలవు. ఒకే ఎండీ5 గుర్తు వచ్చే వేర్వేరు ఫైళ్లు తయారు చేయొచ్చని 2004లో చైనా పరిశోధకులు చూపించారు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన కేంద్రం కలిసి షా1కూ అదే గతి పట్టించాయి.

ఫైలు ఒక్కసారి తెచ్చుకోవడం వేరు, రోజూ మారే ఫైళ్లను రోజూ తెచ్చుకోవడం వేరు. ఈ రెండో పనికి దిట్ట ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ దీన్ని రాశారు. ట్రిడ్జెల్ తర్వాత దీని మీదే డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో అధ్యాయాలు రాశాడు. దీని ఉపాయం వినదగ్గది.

మీ ఊళ్లో ఒక పాత లెక్కల రిజిస్టరు ఉంది. హైదరాబాదులో మీ స్నేహితుడి దగ్గర అదే రిజిస్టరు కొత్త ప్రతి ఉంది. కొన్ని పేజీలు మారాయి, ఎక్కడెక్కడ మారాయో ఇద్దరికీ తెలియదు. ఫోన్ మాట ఖరీదు. అప్పుడు మీరు మొత్తం చదవమని అడగరు. మీ దగ్గరున్న ఒక్కో పేజీ మొత్తాన్ని కూడి, ఆ మొత్తాలు మాత్రం వరసగా చెబుతారు. అతను తన ప్రతిలో ఆ మొత్తాలు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకుని, ‘మీ అయిదో పేజీ అలాగే ఉంచండి, తర్వాత ఈ మూడు వరసలు కొత్తవి, రాసుకోండి’ అంటాడు.

ఆర్‌సింక్ చేసేది అదే. ఇందులో గమనించాల్సింది, ముందు నోరు విప్పేది తెచ్చుకునేవాడే. తన దగ్గరున్న పాత ఫైలును ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు రెండు గుర్తులు కట్టి పంపుతాడు. ఒకటి చకచకా కట్టగలిగే బలహీనమైన గుర్తు, రెండోది నిదానమైనా గట్టిది. అవతలివాడు తన ఫైలును ఒక్కో బైటూ జరుపుకుంటూ మొదటి గుర్తు కలిసినచోట ఆగి, రెండోదాంతో రూఢి చేసుకుంటాడు. బైటు జరిగినప్పుడల్లా మొదటి గుర్తును కొత్తగా కట్టనక్కర్లేదు. పోయిన బైటు తీసేసి వచ్చిన బైటు కలిపితే సరిపోతుంది. అందుకే ఫైలు మధ్యలో ఒక వాక్యం చేర్చి మిగతాదంతా వెనక్కి జరిగినా ఆర్‌సింక్ తికమకపడదు. చివర్లో మొత్తం ఫైలుకు గుర్తు కట్టి సరిచూస్తుంది. కలవకపోతే ఆ ఫైలును మళ్లీ తెస్తుంది. కుదించిన ఫైళ్ల మీద మాత్రం ఈ విద్య అంతగా పారదు. లోపల ఒక్క మాట మారితే ఆ తర్వాతి బైట్లన్నీ మారిపోవచ్చు.

ఆర్‌సింక్ వాడకానికి ఒక ఉదాహరణ. సముద్రాల వేడినీ ఉప్పదనాన్నీ కొలిచే ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం ఉంది. దాదాపు నాలుగు వేల తేలియాడే పరికరాలు పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు దాకా వెళ్లి కొలతలు తెస్తాయి. హిందూ మహాసముద్రానికి ఆ సమాచార కేంద్రం మన హైదరాబాదులోని ఇంకాయిస్ సంస్థలో ఉంది. ప్రపంచ స్థాయి భాండారాల్లో ఒకటి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లో ఉంది. అక్కడి నుంచి ఆర్‌సింక్‌తో కూడా ఫైళ్లు తెచ్చుకోవచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య చేరిన కొలతలే లైను మీద వస్తాయి. మొత్తం మళ్లీ లాగాల్సిన పని లేదు. లైనక్స్ పంపిణీలను ప్రపంచమంతా ప్రతిబింబించే మిర్రర్ సర్వర్లు కూడా ఈ పద్ధతిలోనే తాజాగా ఉంటాయి.

ఆర్‌సింక్ వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తెచ్చే ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత పెడితే లోపలి సరుకు వస్తుంది, పెట్టకపోతే ఫోల్డరుతో సహా వస్తుంది. ఇక డిలీట్ అనే మాట చేరిస్తే, అవతల లేనివి మన దగ్గర కూడా తుడిచేస్తుంది. చిరునామా తప్పు కొట్టి ఆ మాట వాడితే ఏళ్ల పని ఊడ్చుకుపోతుంది. అందుకే ముందు అడ్డగీత, ఎన్ అని చేర్చి చూడండి. ఏం చేయబోతోందో చెబుతుంది, చేయదు. జాబితా చదివి, తృప్తి కలిగాక ఎన్ తీసేసి మళ్లీ కొట్టండి.

మూడో అనుమానం అన్నింట్లోకీ పెద్దది. పంపుతున్నది ఎవరు?

2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వెబ్‌సైటులోకి దొంగలు జొరబడ్డారు. డౌన్‌లోడ్ లింకును మార్చి, దొంగదారి పెట్టిన నకిలీ ఫైలు వైపు తిప్పారు. ఆ రోజు దాన్ని దించుకున్నవాళ్ల లైను తెగలేదు. ఫైలు పూర్తిగానే చేరింది. పంపింది పంపినట్టే వచ్చింది. పంపినవాడే దొంగ. మొదటి రెండు అనుమానాలూ తీరినా మూడోది తీరకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఫైలు పక్కనే రాసిన హ్యాష్ ఇక్కడ ఎంతవరకు కాపాడుతుంది? లింకు మార్చగలిగినవాడు దాని పక్కనున్న హ్యాష్ కూడా మార్చగలడు. అందుకే జాగ్రత్తపరులైన సంస్థలు హ్యాష్‌ల జాబితా మీద డిజిటల్ సంతకం పెడతాయి. సంతకం చేసే రహస్య తాళం వెబ్‌సైటు ఉన్న సర్వరులో ఉండదు. సర్వరు దొంగల చేతిలో పడినా సంతకం పడదు. జీపీజీ అనే ప్రోగ్రాముతో దాన్ని సరిచూసుకోవచ్చు.

మనవైపు జాగ్రత్త కూడా ఉంది. హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఇచ్చినప్పుడు, సర్వరు చూపించిన ధ్రువపత్రం సరిగా లేకపోతే డబ్ల్యూగెట్, కర్ల్ ముందుకు కదలవు. ‘ఇతనెవరో నాకు నమ్మకం కుదరడం లేదు’ అని ఆగిపోతాయి. విసుగొచ్చినవాళ్లు ధ్రువపత్రం చూడొద్దని చెప్పే మాట ఒకటి చేర్చి పని కానిచ్చేస్తారు. కర్ల్‌లో దానికి అడ్డగీత, కె. చాలామంది అది వేగం పెంచే మంత్రమన్నట్టు అలవాటుగా కొడతారు. కాపలావాణ్ణి పడుకోబెట్టి తలుపు తీయడమే అది.

ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌సీపీలోనూ ఇదే కథ. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే మన పిల్లలు అక్కడి పెద్ద కంప్యూటర్ల నుంచి ఫలితాలు తెచ్చుకోవడానికి, మాదాపూర్‌లో, విశాఖలో పనిచేసే ఇంజనీర్లు సర్వర్ల నుంచి లాగ్ ఫైళ్లు తెచ్చుకోవడానికి రోజూ వాడేది ఇది. ఎస్‌సీపీ అని కొట్టి, పేరు, ఎట్ గుర్తు, యంత్రం చిరునామా, కోలన్, ఫైలు దారి, చివర ఖాళీ వదిలి ఒక చుక్క. ఆ చుక్కకు ‘ఇక్కడికి’ అని అర్థం. 2022లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 9 నుంచి లోపలి పద్ధతి మారింది, బయటి కమాండ్ మాత్రం అదే. మొదటిసారి కొత్త యంత్రంతో మాట్లాడేటప్పుడు ఇది ఒక వేలిముద్ర చూపించి, ‘ఈ యంత్రాన్ని నమ్మాలా’ అని అడుగుతుంది. వందలో ఎందరు ఆ వేలిముద్రను సరిచూస్తారు? చూడకుండానే యెస్ కొడతారు. కనీసం రెండోసారి మాత్రం జాగ్రత్త. అదే యంత్రం వేలిముద్ర మారిందని పెద్ద అక్షరాల్లో హెచ్చరిస్తే, దాన్ని తుడిచేసే చిట్కా వెతక్కండి. ఆ యంత్రం చూసుకునే మనిషికి ఫోన్ చేసి, నిజంగా మార్చారా అని అడగండి.

ఇంకో ప్రమాదకరమైన అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. ఏదో సాఫ్ట్‌వేరు ఎక్కించుకోవాలంటే, ఒక లైను కాపీ చేసి కొట్టమంటారు. ఆ లైను కర్ల్‌తో దూరాన ఉన్న ప్రోగ్రామును తెచ్చి, చూడకుండానే నేరుగా యంత్రానికి అప్పగించి నడిపిస్తుంది. కొన్నిసార్లు సర్వాధికారాలతో సహా. ముందు ఫైలుగా తెచ్చుకోండి, తెరిచి చదవండి, హ్యాష్ ఇచ్చి ఉంటే సరిచూడండి, ఆ తర్వాత నడపండి. పని రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

మూడు అనుమానాలూ అయ్యాయి. ఇక మర్యాద గురించి ఒక మాట. డబ్ల్యూగెట్‌కు ఒక సైటులోని లింకులు పట్టుకుని లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి అన్నీ తెచ్చే శక్తి ఉంది. అడ్డగీత, ఆర్ అంటే చాలు, ఏమీ చెప్పకపోతే అయిదు మెట్ల లోతు దాకా వెళ్తుంది. చిన్న సంస్థ నడిపే సర్వరు మీద దీన్ని విచ్చలవిడిగా వదిలితే మిగతా చదువరులకు తలుపు మూసినట్టే. వెయిట్ అనే మాట చేర్చి ఒక్కో ఫైలుకూ మధ్య కొన్ని సెకన్లు ఆగమనండి. పై ఫోల్డరులోకి ఎక్కొద్దనండి. వేగానికి పరిమితి పెట్టండి. ఉచితంగా ఇచ్చేవాడి ఇల్లు గుల్ల చేయకూడదు.

ఇంత చెప్పాక కూడా, బటన్ నొక్కితే పోయేదానికి ఇన్ని అడ్డగీతలు ఎందుకని అడగొచ్చు. నేను రేడియోలో మాట్లాడుతున్నాను. మీకు తెర కనిపించడం లేదు. అయినా డబ్ల్యూగెట్ కమాండ్ మీరు రాసుకోగలిగారు. ఎక్కడ నొక్కాలో, ఏ మూల ఏ బొమ్మ ఉందో చెప్పాల్సి వస్తే ఇది కుదిరేది కాదు. కమాండ్ అంటే వాక్యం. వాక్యాన్ని దాచుకోవచ్చు, ఇంకొకరికి పంపొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. క్రాన్ అనే ప్రోగ్రాముకు అప్పగించి, లైను ఖాళీగా ఉండే తెల్లవారుజామున రెండింటికి రోజూ నడపమనొచ్చు. ఆరు నెలల తర్వాత ఫలానా ఫైలు ఎక్కడి నుంచి, ఎలా తెచ్చామో ఆ వాక్యమే సాక్ష్యం చెబుతుంది. పరిశోధన చేసేవారికి ఈ ఒక్క లాభం చాలు.

విద్యార్థులకు నా సలహా. నాలుగు పనిముట్లూ ఒకేసారి నేర్చుకోనక్కర్లేదు. మీ కంప్యూటరులో ఉన్న ఒక్కదాంతో మొదలుపెట్టండి. తెలుగు వికీపీడియా డంపు తెచ్చుకోండి. సగంలో మీరే ఆపి, మళ్లీ కొనసాగించండి. వాళ్లిచ్చిన జాబితాలో ఉన్న పద్ధతిలోనే దాని హ్యాష్ కట్టి, ఆ జాబితాతో పోల్చండి. ఆ సాయంత్రం నేర్చుకున్నది ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.

ఫైళ్లు బయట పెట్టేవారికి ఒక విన్నపం. ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పంచే ఔత్సాహికులు, అందరికీ. తెచ్చుకునేవాడు ఎంత జాగ్రత్తపడినా ఇచ్చేవాడి సాయం లేకపోతే అనుమానాలు తీరవు. మీ సర్వరు ఆగినచోటి నుంచి అందించేలా చూడండి. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో ఉండనివ్వండి. ప్రతి ఫైలు పక్కన తేదీ, సైజు, షా 256 గుర్తు రాయండి. ఖర్చు ఏమీ లేదు, ఒక్క కమాండ్ పని. పల్లెలో నిదానమైన లైను మీద రాత్రంతా మీ ఫైలు కోసం ఎదురుచూసే విద్యార్థికి, తెల్లారి తన చేతికొచ్చింది సరైనదేనని తెలుసుకునే హక్కు ఉంది.